బీదల పరిచర్యకు క్రమము నేర్పిన విన్సెంటు డి పౌలు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1-7, 2 కొరింథీయులకు 8:16-21



యెరూషలేములోని మొదటి సంఘమునందు పుట్టిన మొదటి సణుగుడు ఉపదేశమును గూర్చినది కాదు, భోజనమును గూర్చినది. అనుదినము జరుగు పంపకములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు విడువబడిరి. ఎవరైనను కావలెనని వారిని విడిచిపెట్టినట్లు లూకా వ్రాయలేదు. ఆ సంఘములో ప్రేమకు కొదువ లేదు. ధనమునకును కొదువ లేదు. పొలములమ్మి ఆ వెలను తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టుచుండిన దినములవి. కొదువైనది క్రమము. కాబట్టి అపొస్తలులు ఆ సణుగుడునకు ఒక ప్రసంగముతో జవాబు చెప్పక, మంచి పేరుపొందిన ఏడుగురిని ఏర్పరచి ఆ పనిమీద నియమించిరి.

ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు ఒక ఫ్రెంచి గురువు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన పేరు విన్సెంటు డి పౌలు. ఆయన రోమను కథోలికుడు. పునీతులను వేడుకొనుట మన సంఘములలో లేదు. ఆయన బోధించిన సిద్ధాంతములలో కొన్నిటిని మనము ఒప్పుకొనము. అయినను పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు ఒక యాజకుని గాని లేవీయుని గాని మాదిరిగా చూపక సమరయుని చూపెను. కనుక మన కంచెకు ఆవలనున్న వానియొద్ద నేర్చుకొనుటకు మనకు సిగ్గు అక్కరలేదు.

విన్సెంటు 1581వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు నైరుతి మూలనున్న గాస్కనీ సీమలో, డాక్సు పట్టణమునకు సమీపమున పూయీ అను పల్లెలో పుట్టెను. తలిదండ్రులు చిన్న కమతముగల రైతులు. ఆరుగురు బిడ్డలలో ఇతడు మూడవవాడు. చిన్నతనమున గొఱ్ఱెలను పందులను మేపెను. కుఱ్ఱవాడు తెలివిగలవాడని చూచి తండ్రి అతనిని డాక్సులోని బడికి పంపెను. తరువాత పై చదువు నిమిత్తము ఒక జత ఎడ్లను అమ్మెను. సేద్యగానికి ఎడ్ల జత యెంతటిదో మన పల్లెలవారికి చెప్పనక్కరలేదు.

ఆ బడిలో చదువుచున్న దినములలో ఒకనాడు తండ్రి కుమారుని చూడవచ్చెను. ఆయన కుంటివాడు, చినిగిన బట్టలవాడు. తోడి విద్యార్థులయెదుట అట్టివానిని తన తండ్రియని ఒప్పుకొనుటకు విన్సెంటు సిగ్గుపడి, బయటికి వచ్చి మాటలాడుటకు నిరాకరించెను. ఈ సంగతి మనకెట్లు తెలిసినదనగా, ముసలితనములో ఆయనయే దానిని తనవారియెదుట దుఃఖముతో ఒప్పుకొనెను. ఏబది అరువది యేండ్లు గడచినను ఆ ముల్లు ఆయనలోనుండి పోలేదు. బీదవారిని యజమానులని పిలుచుటకు తరువాత ఆయన ఎందుకంత పట్టుపట్టెనో తెలిసికొనగోరువారు ఈ బడి గుమ్మమునొద్ద కొంతసేపు నిలువవలెను.

ఆయన పుట్టుకతోనే పునీతుడనుకొనుట పొరపాటు. గురుత్వమునకు ఇరువదినాలుగేండ్లు నిండవలెనని వారి సభ నియమముండగా, 1600లో పందొమ్మిదేండ్లకే అభిషేకము పొందెను. మంచి రాబడిగల పదవికై పదేండ్లు తిరిగెను. 1605లో ఓడదొంగలచేత చిక్కి ట్యూనిసులో బానిసగా అమ్మబడితినని రెండు ఉత్తరములు వ్రాసెను. ఆ కథ నిజమా కాదా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. ముసలితనమున ఆయన ఆ ఉత్తరములను తిరిగి సంపాదించి కాల్చివేయవలెనని ఎంతో ప్రయత్నించినమాట మాత్రము నిజము. 1610లో తల్లికి వ్రాసిన ఉత్తరములోను, తగిన జీవనాధారము దొరకిన వెంటనే ఆమెయొద్దకు వచ్చి మిగిలిన దినములు గడిపెదనన్న ఆశయే కనబడుచున్నది. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు.

1613లో ఆయన గోండీ అను గొప్ప ప్రభువు ఇంట పిల్లలకు ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ ప్రభువు రాజుగారి యుద్ధనౌకలకు అధిపతి. ఆయన భార్యకు విస్తారమైన జమీనులుండెను. ఆమెతో కూడ పల్లెలు తిరిగినప్పుడు, మరణపడకమీదనున్న రైతులకు సహితము సువార్త తెలియకుండుట విన్సెంటు చూచెను. 1617 జనవరిలో ఫోల్విల్ అను గ్రామములో ఆయన చేసిన ప్రసంగముతో ఆయన జీవితమార్గము తిరిగెనని ఆయన అనుచరులందరు చెప్పుదురు. అయితే బీదల పరిచర్యవిషయమున చూడగా, అదే సంవత్సరమున మరియొక చోట జరిగిన సంగతి మనకు ముఖ్యము.

గొప్పవారి ఇంటి సౌఖ్యము తన ఆత్మకు మంచిది కాదనుకొని విన్సెంటు చెప్పకయే ఆ ఇల్లు విడిచి, ఫ్రాన్సుకు తూర్పుననున్న షాతియోన్ అను చిన్న పట్టణమునకు కాపరిగా వెళ్లెను. ఆగస్టు నెలలో ఒక ఆదివారమున పూజకు వస్త్రములు ధరించుకొనుచుండగా ఒక స్త్రీ వచ్చి, ఊరికి దూరముగా ఒంటరిగానున్న ఒక ఇంటిలో అందరును జబ్బుపడియున్నారనియు, ఒకరికొకరు నీళ్లిచ్చు దిక్కైనను లేదనియు చెప్పెను. ఆయన ప్రసంగములో ఆ కుటుంబమును గూర్చి జనులకు చెప్పెను. మధ్యాహ్నపు ప్రార్థన ముగిసిన తరువాత తానును ఆ ఇంటికి బయలుదేరెను.

దారిలో ఆయన చూచినది ఏమనగా, స్త్రీలు గుంపులు గుంపులుగా వెళ్లుచుండిరి, గుంపులు గుంపులుగా తిరిగివచ్చుచుండిరి. ఎండ తీవ్రముగా ఉండినందున కొందరు దారిప్రక్కన కూర్చుండి అలసట తీర్చుకొనుచుండిరి. అందరిచేతులలోను రొట్టెలు, మాంసము, పులుసు. ప్రసంగీకుడెవడైనను అంతకంటె ఏమి కోరగలడు? మనమైతే ఆ సాయంకాలము దేవునికి స్తోత్రము చెప్పి నిద్రపోయియుందుము. విన్సెంటు చెప్పిన స్తోత్రమునకు వెనుక ఒక చింత కూడ ఉండెను. ఆ ఇంటిలో ఆ దినమున తినగలిగినదానికంటె ఎక్కువ ఆహారము చేరెను. దానిలో కొంత పాడైపోవును. నాలుగు దినములకు ఆ రోగులు మునుపటివలెనే ఆకలితో పడియుందురు. అక్కడ కనికరము చాలయున్నది గాని దానికి వరుస లేదు.

మా ఊరి సంఘములోనే ఇట్టిది చూచితిని. ఇంటి యజమానుడు పడిపోయెనని తెలిసిన సాయంకాలము బియ్యము బస్తాకెక్కువ చేరెను. మూడవ వారమునకు ఆ ఇల్లాలు అప్పు నిమిత్తము వీధులవెంట తిరుగుచుండెను. మాలో ఎవరికిని చెడుతలంపు లేదు. ఎవరి దినము వారిదని ఏర్పరచినవారు లేరు.

విన్సెంటు ఆ వారములోనే, ఆగస్టు 23న, ఊరి స్త్రీలను కొందరిని పోగుచేసి, ఒక్కొక్కరు ఒక్కొక్క దినము చొప్పున రోగుల భారము వహించుటకు ఒప్పించెను. నవంబరులో బిషప్పుగారి కార్యాలయము నియమావళిని ఆమోదించెను. డిసెంబరు 8న ప్రేమ సహవాసము అను పేర ఆ సమాజము స్థాపించబడెను. ఆ స్త్రీలకు ఇచ్చిన బిరుదు బీదల సేవకురాండ్రు.

ఆ నియమావళి చదువదగినది. వంతువచ్చిన సహోదరి తానే వంట చేసి మోసికొనిపోవలెను. రోగిని ప్రేమతో పలుకరించి, మంచముమీద చిన్న బల్ల అమర్చి, దానిమీద తెల్లని గుడ్డ పరచి, గిన్నె, చెంచా, రొట్టె పెట్టవలెను. చేతులు కడిగించి ప్రార్థన చెప్పవలెను. మాంసమును తానే కోసి, సొంత కుమారునికి వడ్డించినట్లు వడ్డించి, తినుమని సంతోషముగా బ్రతిమాలవలెను. ఎంత రొట్టె, ఎంత మాంసము, ఎంత ద్రాక్షారసము అనునదికూడ వ్రాయబడియున్నది. అందులో ఒక నియమమును నేను మరువలేకయున్నాను. ఇంటిలో తోడున్న రోగియొద్ద మొదలుపెట్టి, ఎవరును లేక ఒంటరిగానున్న రోగియొద్ద ముగించవలెను. ఎందుకనగా చివరనున్నవానియొద్ద ఎక్కువసేపు కూర్చుండవచ్చును. తొందరపడి రోగులను ఎంచుకొనుచు పోవువానికి ఇట్టి తలంపు పుట్టదు.

డబ్బు విషయములోను అంతే శ్రద్ధ. కోశాధికారిణి ఎన్నుకొనబడవలెను, రాకపోకల లెక్కలు బహిరంగముగా ఒప్పగించవలెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక యెనిమిదవ అధ్యాయములో, యెరూషలేము బీదలకు పంపబడు చందా విషయమున తనమీద ఎవడును నింద మోపకుండునట్లు పౌలు తోడుగా మనుష్యులను పెట్టుకొనుట చదువుచున్నాము. కాని నమ్మకముగలవారు లెక్కలడుగుట ఎందుకని కొందరందురు. నమ్మదగినవారు కనుకనే లెక్కలు చూపుటకు వెనుదీయరు.

స్త్రీలకు డబ్బు అప్పగించుట ఆ కాలమున సామాన్యమైన సంగతి కాదు. కొన్ని ఊళ్లలో పురుషులును స్త్రీలును కలిసిన సమాజములను విన్సెంటు పెట్టిచూచెను. రోగులు స్త్రీల పాలు, ఒడలిలో శక్తియున్న బీదలు పురుషుల పాలు. సంచి మాత్రము ఉమ్మడి. కొంతకాలమునకు పురుషులు అధికారమంతయు తమచేతికి తీసికొనజూచిరి. స్త్రీలు దానిని సహించలేదు. తుదకు పురుషులనే తొలగించవలసివచ్చెను. 1650లో ఒక తోటి గురువుకు వ్రాసిన ఉత్తరములో ఆయన ఈ సంగతి చెప్పి, స్త్రీల లెక్కలలో తప్పుపట్టుటకేమియు లేదని సాక్ష్యమిచ్చెను. మన సంఘములలో పిడికెడు బియ్యము ఎత్తి అమ్మి పాకదేవాలయములు కట్టించిన స్త్రీలు ఈ మాట విని ఆశ్చర్యపడరు. పురుషులు కొందరు ఆశ్చర్యపడవచ్చును.

1621లో మాకోన్ పట్టణమున వేరొక పద్ధతి కనబడెను. అక్కడ బిచ్చగాండ్ర గుంపులు వీధులను నింపియుండెను. విన్సెంటు పట్టణపు పెద్దలను కూర్చి బీదల పట్టీ వ్రాయించెను. పట్టీలోనివారికి నియమింపబడిన దినమున రొట్టెయు కొంత రొక్కమును ఇయ్యబడును, వారు బిచ్చమెత్తరాదు. దారినపోవువారికి ఒక రాత్రి బసయు దారిఖర్చునకు కొద్ది నాణెములును. పనిచేసియు కుటుంబమును పోషించుకొనలేనివారికి కూలికిని అవసరమునకును నడుమ ఉన్న కొరత మాత్రమే ఇయ్యబడును. మొదట ఊరివారు నవ్విరి. ఆయన వెళ్లునప్పుడు ఏడ్చిరని చెప్పుదురు.

అటుపిమ్మట గోండీ దొరసాని అభ్యర్థనమీద ఆయన తిరిగి ఆ ఇంటికి వచ్చెను. 1625లో ఆ దంపతులిచ్చిన 45,000 లీవ్రుల మూలధనముతో పల్లెలలో బోధించు గురువుల సంఘమొకటి స్థాపించెను. ఆ బోధకులు వెళ్లిన ప్రతి గ్రామమునందును స్త్రీల ప్రేమ సహవాసమొకటి వెనుక మిగులుచుండెను. కాని మొదలుపెట్టుట ఒక పని, నిలువబెట్టుట మరియొక పని. కొన్ని యేండ్లలో కొన్ని చోట్ల వంతులు తప్పెను, పుస్తకములు మూతబడెను.

ఇక్కడ లూయీజు డి మరియాక్ ప్రవేశించుచున్నది. ఈమె 1591లో పుట్టినది. తల్లిని ఎరుగదు. 1625లో భర్త చనిపోగా ఒక్క కుమారునితో విధవరాలైనది. మనసు దిగులుతో నిండినది. ఆరోగ్యము ఎల్లప్పుడు అంతంతమాత్రమే. విన్సెంటు నాలుగేండ్లు ఆమెను ఓపికతో కనిపెట్టి, 1629 మే నెలలో ఆ సహవాసములను చూచివచ్చుటకు పంపెను. అప్పటినుండి ఆమె బండ్లమీద, గుఱ్ఱముమీద, వర్షములలో, చలిలో గ్రామములు తిరిగి, లెక్కల పుస్తకములు విప్పించి, వాదులాడుకొను సభ్యురాండ్రను సమాధానపరచి, రోగులను స్వయముగా చూచి, అమ్మాయిలకు చదువు చెప్పువారిని ఏర్పరచెను. విన్సెంటుకు పేరు వచ్చినది గాని, ఆ పేరులో సగము ఈ విధవరాలిదని నా అభిప్రాయము.

పారిసు పట్టణములో క్రొత్త చిక్కు పుట్టెను. అక్కడి సహవాసములలో చేరినవారు గొప్ప కుటుంబముల దొరసానులు. మేడమెట్లెక్కి రోగి గదిలోనికి పులుసుకుండ మోయుట వారిలో అనేకులకు కుదరలేదు. కొందరికి భర్తలు సెలవియ్యలేదు. వారు తమ పనికత్తెలను పంపిరి. ఆ పనికత్తెలకు బీదలమీద ప్రేమ ఎక్కడనుండి వచ్చును?

అట్టి సమయమున సురేను గ్రామమునుండి మార్గరీతు నాసో అను పశువులకాపరి పడుచు వచ్చెను. ఈమె ఒక అక్షరమాల కొనుక్కొని, ఆవులను మేపుచు, దారిన పోవు గురువును గాని చదువరిని గాని ఆపి ఈ అక్షరమేమి, ఈ మాటయేమి అని అడిగి చదువు నేర్చుకొనెను. నేర్చిన తరువాత తిండికి లేకున్నను ఊరూర తిరిగి ఆడపిల్లలకు నేర్పెను. దొరసానులు చేయనొల్లని పనిని నేను చేసెదనని ఆమె విన్సెంటునొద్దకు వచ్చెను. ఆమెను చూచి మరికొందరు పల్లెపడుచులు వచ్చిరి. 1633లో తెగులు తగిలిన ఒక పడుచును తన పడకలోనే పరుండబెట్టుకొని, ఆ తెగులుతోనే మార్గరీతు చనిపోయెను. ఆ యేటనే నవంబరు 29న లూయీజు అట్టి పడుచులను కొందరిని తన ఇంట చేర్చుకొనెను. ప్రేమ కుమార్తెలని లోకమంతట తెలిసినవారి ఆరంభమిది.

వారి ఏర్పాటులోని తెలివిని మనము గమనింపవలెను. ఆ కాలపు కథోలిక నియమముచొప్పున సన్యాసినులైన స్త్రీలు గోడల లోపలనే ఉండవలెను. గోడల లోపలనున్నవారు రోగి ఇంటికి ఎట్లు వెళ్లుదురు? కనుక వీరు సన్యాసినులు కారని విన్సెంటు ఎల్లప్పుడు చెప్పుచుండెను. మఠమునకు బదులు బాడుగ గది. గుడికి బదులు ఊరి దేవాలయము. ముసుగునకు బదులు పల్లెపడుచుల బూడిదరంగు బట్టయే. ప్రతిజ్ఞలును యేటేట క్రొత్తగా చేయవలసినవే. చట్టముతో పోట్లాడక, చట్టములోనికి రాని వాకిలి తెరచెను. 1641లో లూయీజు పారిసులో బీద ఆడపిల్లలకు బడి పెట్టుటకు అధికారుల సెలవుకూడ పొందెను.

దొరసానులను మాత్రము ఆయన విడువలేదు. 1634లో గూసో అను ఒక న్యాయాధికారి విధవరాలి పూనికచొప్పున, పారిసు పెద్దాసుపత్రిలోని రోగులకొరకు గొప్ప ఇంటి స్త్రీల సమాజమొకటి ఏర్పడెను. మంత్రి రిషెల్యూ మేనకోడలైన ఎగియోన్ డచెస్సువంటివారు అందులో చేరిరి. ధనము వారిది, చేతులు పల్లెపడుచులవి, లెక్క విన్సెంటుది. ఈ మూడింటిని ఇరువదియేండ్లకు పైగా ఒకచోట కట్టియుంచుట చిన్న పని కాదు. ధనవంతుల జాలి వానకాలపు వాగువంటిది. త్వరగా పొంగును, త్వరగా ఇంకును.

అనాథశిశువుల విషయమున ఆ వాగు ఇంకినది. పారిసులో దేవాలయముల గుమ్మములయొద్దను వీధులలోను విడువబడిన పసికందులను ఒక విధవరాలి ఇంట చేర్చుచుండిరి. అక్కడ పాలులేక అనేకులు చచ్చుచుండిరి. కొందరిని బిచ్చగాండ్రకు అమ్ముచుండిరి. 1638లో సమాజపు స్త్రీలు కొందరు పిల్లలను మాత్రము తీసికొనిరి. అందరిని తీసికొనుటకు డబ్బు లేదు గనుక, చీట్లు వేసి ఎంచుకొనిరి. చీటి రాని పిల్ల సంగతి ఏమని ఎవరైనను అడిగియుందురు. 1640లో అందరిని తీసికొనుటకు నిశ్చయించిరి.

రాజకుటుంబము సాలుకు కొంత ధనమిచ్చుచుండెను గాని అది చాలలేదు. యుద్ధములు, కరవు వచ్చెను. 1647 ప్రాంతమున భారము ఇక మోయలేమని స్త్రీలు చెప్పసాగిరి. విన్సెంటు సభ కూర్చెను. ఆయన వారిని గద్దింపలేదు. ఇన్నేండ్లు ఈ బిడ్డలకు తల్లులుగానున్నవారు ఇప్పుడు న్యాయాధిపతులుగా కూర్చుండి, వీరు బ్రదుకవలెనా చావవలెనా అని తీర్పు చెప్పవలెనని మాత్రము వారియెదుట పెట్టెను. ఎవరును చావవలెనని చేయి ఎత్తలేకపోయిరి. పని సాగెను.

ఈ పనిలో ఆయన పొరపాటు పడలేదని చెప్పను. అదే యేట పిల్లలను బిసేత్రు అను పాడుబడిన కోటకు మార్చిరి. అక్కడి గాలి పసివారికి పడదని లూయీజు ముందే హెచ్చరించెను. ఆమె మాట వినలేదు. పిల్లలు చాలమంది చనిపోయిరి. 1651లో మిగిలినవారిని తిరిగి పట్టణమునకు తెచ్చిరి. బిడ్డలను చేతులతో ఎత్తుకొనువారి మాటను డబ్బిచ్చువారు మొదట వినియుండవలసినది.

ఇక లొరేను సంగతి. ముప్పదియేండ్ల యుద్ధములో ఆ సీమమీదుగా సైన్యములు మరలమరల నడచెను. ఊళ్లు కాలెను, పంటలు పోయెను, తెగులు వచ్చెను. 1639 మొదలు పదేండ్లపాటు విన్సెంటు పారిసులో ధనము పోగుచేసి అక్కడికి పంపెను. దానిని మోసినవాడు మత్యూ రెనార్ అను సహోదరుడు. ఒక్కొక్కసారి ఇరువదివేల లీవ్రులకు తక్కువ కాని సొమ్మును బిచ్చగానివలె చినిగిన సంచిలో పెట్టుకొని, సైనికులును దొంగలును తిరుగు అడవులగుండ ఏబదిసార్లకు పైగా ప్రయాణము చేసెను. ఒక్కసారియైనను దోచుకొనబడలేదు. దూరమున గుఱ్ఱపురౌతును చూచి సంచిని పొదలో జారవిడిచి, వట్టిచేతులతో ఎదురువెళ్లి సోదా చేయించుకొని, తరువాత తన అడుగుజాడలవెంట వెనుకకు వచ్చి తీసికొనెనని ఒక కథ. అతని సాహసములను వినుటకు రాణిగారే అతనిని పిలిపించెనట. మొత్తము 15, 16 లక్షల లీవ్రులు లొరేనుకు చేరెనని విన్సెంటు మొదటి జీవితచరిత్ర వ్రాసిన అబెలీ లెక్కగట్టెను.

ఆ ధనము పంచు గురువులకు విన్సెంటు వ్రాసిన ఆజ్ఞ కఠినమైనది. ఇచ్చిన ప్రతిదానికిని రశీదు తీసికొనవలెను. ఒక్క కాసైనను వేరొక పనికి మరల్చరాదు, అది ఎంత పుణ్యకార్యమైనను సరే. ఆకలితో చచ్చువానియొద్ద రశీదా అని మనకు తోచును. అయితే ఆ రశీదులే పారిసులోని దాతలకు తరువాతి నెల కానుక ఇచ్చుటకు ధైర్యమిచ్చెను. రశీదు ఆగినయెడల రొట్టె ఆగును.

లొరేనులో పడుచులకు ఆకలికంటె సైనికుల భయము ఎక్కువ. సహోదరుడు మత్యూ తిరుగుప్రయాణములలో అట్టి అమ్మాయిలను పారిసుకు తోడుకొనివచ్చెను. లూయీజు వారిని తన ఇంట ఉంచి, మర్యాదగల కుటుంబములలో పనులు చూపించెను. ఆస్తి పోగొట్టుకొని పారిసు చేరిన గొప్ప కుటుంబములు చేయి చాపుటకు సిగ్గుపడి లోలోపల ఆకలిగొనుచుండగా, వారికొరకు వేరొక సమాజము ఏర్పడి నెలనెల వారి ఇండ్లకే సహాయము చేర్చెను.

1650 తరువాత యుద్ధము పికార్డీ, షాంపేను సీమలకు మరలెను. అప్పుడు అక్కడి కష్టములను చూచినవారి ఉత్తరములనుండి భాగములు తీసి కరపత్రములుగా అచ్చువేయించి పంచిరి. ఒక్కొక్కటి నాలుగువేల ప్రతులు. చందాదారుడు తన కానుక ఎక్కడికి పోయెనో, ఎవరు తినిరో చదువుకొనుచుండెను. మన పత్రికలలో అచ్చగు మిషను నివేదికలకు ఇది పెద్దన్నవంటిది.

రొట్టె ఇచ్చుట అవసరమే గాని అది చాలదని విన్సెంటునకు తెలియును. ఆ సీమలలో పనిచేయుచుండిన జాన్ పార్ అను సహోదరునికి 1659లో ఆయన ఒక ఉత్తరము వ్రాసెను. చిన్న పొలమున్న బీదలు విత్తుటకు సహాయము చేయవలెను. భూమిలేనివారిలో పురుషులకు పనిముట్లును, స్త్రీలకు పడుచులకు రాట్నములును, వడకుటకు జనుము లేక ఉన్నియు ఇయ్యవలెను. అదియు మిక్కిలి బీదలైనవారికే అని దొరసానుల కోరికను అందులో తెలిపెను. ఆ సొమ్ము పెద్దది కాదు. ఒక రాట్నము, కొంత ఉన్ని. అయినను ఆ రాట్నము తిరుగుచున్నంతకాలము ఆ విధవరాలు ఎవరి గుమ్మమునొద్దను నిలువనక్కరలేదు. బోయజు తన పనివారితో పిడికెళ్లను కావలెననియే జారవిడువుమనెను గాని, రూతును ఏరుకొననిచ్చెను. ఏరినది ఆమె, మోసికొనిపోయినది ఆమె. అత్తయెదుట తన కష్టార్జితముగా కుమ్మరించినది ఆమె.

1653లో ఒక వర్తకుడు లక్ష లీవ్రులు తెచ్చి విన్సెంటుచేతిలో పెట్టి, తన పేరు బయలుపడరాదని మాట తీసికొనెను. ఆ పేరు నేటికిని ఎవరికిని తెలియదు. దానితో వృద్ధులైన చేతిపనివారు నలుబదిమందికి, అనగా పురుషులు ఇరువదిమందికిని స్త్రీలు ఇరువదిమందికిని, యేసు నామ గృహము ఏర్పడెను. మగ్గములును పనిముట్లును పెట్టిరి. ఒడలిలో ఓపికయున్నంత పనిచేయుదురు. అది చూచి పట్టణపు పెద్దలకు పెద్ద తలంపు పుట్టెను. పారిసులోని బిచ్చగాండ్రనందరిని ఒకచోట చేర్చి పెట్టవలెననిరి. విన్సెంటు మొదట కొద్దిమందితో మొదలుపెట్టుదము, ఇష్టపడివచ్చినవారితో మొదలుపెట్టుదము అనెను. 1656లో రాజాజ్ఞ వేరుగా వచ్చెను. వీధులలో బిచ్చమెత్తువారిని బలవంతముగా పట్టి మూయసాగిరి. ఆ సంస్థలో గురువుల పదవి ఇయ్యజూపగా విన్సెంటు తన సంఘమువారితో ఆలోచించి వలదనెను. అంతకంటె గట్టిగా ఎదిరింపలేదేమని మనము అడుగవచ్చును. 1649లో పట్టణము ముట్టడింపబడియుండగా, డెబ్బదియేండ్లకు సమీపించుచున్నవాడై వరదనీటిలో గుఱ్ఱముమీద నది దాటిపోయి, మంత్రి మజరేను తొలగించుమని రాణిని అడిగినవాడు ఆయనయే. ఆ దినమున ఆయన మాట చెల్లలేదు. ఈసారి అలసియుండెనేమో.

కడపటి యేండ్లలో ఆయన కాళ్లు వాచి పుండ్లుపడెను; నడువలేకపోయెను. కుర్చీలోనుండియే ఉత్తరములు చెప్పి వ్రాయించుచుండెను. 1660 మార్చి 15న లూయీజు చనిపోయెను. ఆమె మరణశయ్యపై ఉండగా ఆయన వెళ్లి చూడలేకపోయెను. ఆ యేటనే సెప్టెంబరు 27 తెల్లవారుజామున, బట్టలు ధరించినవాడై కుర్చీలో కూర్చుండియే విన్సెంటు ప్రాణము విడిచెను. 1737లో రోమను సంఘము ఆయనను పునీతుల పట్టీలో చేర్చెను.

ఆయన చనిపోయిన నూట డెబ్బదియేండ్లకు పిమ్మట, 1833లో, ఫ్రెడరిక్ ఓజనాం అను ఇరువదియేండ్ల విద్యార్థియు అతని స్నేహితులును పారిసులో బీదలకు ఏదైనను చేయవలెనని కూడిరి. కథోలికులు మాటలు చెప్పుటయే గాని చేయుచున్నదేమియని తోడి విద్యార్థులు వారిని ఎగతాళి చేసిరి. ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియక వారు ప్రేమ కుమార్తెలలో ఒకతెయైన రొజాలీ రాందుయొద్దకు వెళ్లిరి. ఆమె పట్టణములో మిక్కిలి బీదదైన ఒక పేటలో మూడు దశాబ్దములుగా పనిచేయుచుండెను. ఆమె వారికి ఉపన్యాసము చేయలేదు. కొన్ని కుటుంబముల పేర్లు వ్రాసిన పట్టీయు, కొన్ని రొట్టె చీట్లును వారిచేతిలో పెట్టి, ఆ ఇండ్లలోనికి వెళ్లి కూర్చుండుడని పంపెను. ఆ యువకులు తమ సమాజమునకు విన్సెంటు పేరు పెట్టుకొనిరి. నేడు మన పట్టణములలోని అనేక కథోలిక దేవాలయములలో ఆ పేరుగల సమాజములవారు వారమువారము కూడి, పట్టీ తెరచి, ఇద్దరిద్దరుగా ఇండ్లకు వెళ్లుచున్నారు.